సార్ జేబులో ఎండుమిరపకాయ

ఈరోజు పొద్దున కడపలో, ఆపరేషన్ థియేటర్ పక్కన బట్టలు మార్చుకునే గదిలో, తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించబోతే జేబులో ఏదో చిటుక్కున విరిగింది. చెయ్యి పెట్టి చూశాను. వేళ్లకు గింజలు అంటుకున్నాయి. ఆ వెంటనే ముక్కుకు ఘాటెక్కి వరసపెట్టి తుమ్ములు. పక్కన టోపీ కట్టుకుంటున్న నా జూనియర్ అమ్మాయి కంగారుపడి, "మేడమ్, జలుబా? కేసు వాయిదా వేద్దామా?" అంది. జలుబు కాదమ్మా, మిరపకాయ అన్నాను. మెదడు ఆపరేషన్లు చేసే మనిషి జేబులో ఎండుమిరపకాయ ఎందుకుందో ఆ పిల్లకు అంతుపట్టలేదు, అడగడానికి మొహమాటం. నాకు మాత్రం ఆ ఘాటుతో పాటే ఒక గొంతు వినబడింది. "ఏమ్మా బద్వేలూ, తుమ్ములు మనకు రావచ్చు, పేషెంటుకు రాగూడదు" అనే గొంతు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయ వల్లే అనుకుని ఆ పిల్ల తన చేతిరుమాలు ఇచ్చింది.

ఆ గొంతు ఓబులరెడ్డి సార్‌ది. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. టీవీల్లో కూర్చుని సలహాలు చెప్పే రకం డాక్టరు కాదు. ఓర్వకల్లు దగ్గర, ఇంటి వెనకే రాళ్లగుట్ట మొదలయ్యే ఒక పల్లెలో పుట్టాడు. కొర్రలు, కందులు, అప్పుడప్పుడూ మోసం చేసే బోరు, ఇదీ వాళ్ల వ్యవసాయం. చదువుకుని మెదడు సర్జన్ అయ్యి, కర్నూలులో ఒక ఆసుపత్రిలో జీవితమంతా గడిపాడు. ఆసుపత్రి పేరు చెప్పను, ఈ కథకు ఆ పేరుతో పనిలేదు. మనిషి పొడుగు, నల్లటి నలుపు, నవ్వితే గది నిండేది, కోప్పడితే గది ఖాళీ అయ్యేది. మా ఎవ్వరినీ పేర్లతో పిలిచేవాడు కాదు. నంద్యాలవాడు నంద్యాల, ఆదోనివాడు ఆదోని. నేను బద్వేలు. అంత చదువు చదివి, అన్ని పతకాలు తెచ్చుకుని, చివరికి బస్సు బోర్డు మీది ఊరి పేరై మిగిలానేమిటని మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత ఎప్పుడైనా నా అసలు పేరుతో పిలిస్తే భయం వేసేది, ఏదో తప్పు జరిగి ఉంటుందని.

చేరిన మొదటిరోజే నా గర్వం దిగింది. వార్డులో ఒక పెద్దాయన్ను చూపించి, "ఈయప్పకు సరిగ్గా అగుపడల్యా అంటాండాడు. చూసి చెప్పు" అన్నాడు. గోడమీది అక్షరాల పట్టీ చదివించాను. కింది వరస దాకా గడగడా చదివేశాడు ఆయన. టార్చి వేసి చూశాను. అంతా బాగానే ఉంది, కళ్లకు ఏమీ లేదు సార్ అన్నాను, పరీక్ష హాల్లో జవాబు చెప్పినట్టు. సార్ కోటు జేబులోంచి ఒక ఎండుమిరపకాయ తీశాడు. పెద్దాయన్ని తన ముక్కువైపే చూడమని, మిరపకాయను ఆయన చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. "ఎర్రగా అగుపడితే చెప్పప్పా" అన్నాడు. మిరపకాయ దాదాపు ముక్కు ముందుకు వచ్చేదాకా పెద్దాయన నోరు విప్పలేదు. రెండో పక్కా అంతే.

"చూసినావా? ముందర చూపు బాగుండాది. పక్క చూపు రెండు దిక్కులా పోయింది. పోయిందని ఆ మనిషికే తెలీదు. మెదడు కింద ఒక గ్రంథి ఉంటాది గదా, దాంట్లో గడ్డ లేచి పైకి పెరిగి కంటి నరాలను తోస్తే మొదట పోయేది ఇదే. నువ్వు ముందర నిలబడి పట్టీ చదివిస్తే యాడ తెలుస్తాది?" అన్నాడు. ఈ పరీక్షకు పుస్తకాల్లో ఎర్ర తల ఉన్న గుండుసూది వాడమని రాసుంటుంది. ఆ మాటే అంటే పకపకా నవ్వాడు. "ఈ ఊర్లో గుండుసూది పోతే దొరకదమ్మా. మిరపకాయ పోతే ఏ ఇంట్లో అడిగినా ఇస్తారు."

అప్పట్లో అలాంటి గడ్డల్ని సార్ మైక్రోస్కోపు కింద తీసేవాడు. ముక్కు లోపలి దారి గుండానే వెళ్లినా, చూసే కన్ను మాత్రం బయటే ఉండేది. కిటికీ బయట నిలబడి గదిలోకి చూసినట్టు అనుకోండి. ఎదురుగా ఉన్నది బ్రహ్మాండంగా కనబడుతుంది, గోడ పక్కకు ఉన్నది కనబడదు. ఎండోస్కోపు అలా కాదు. పెన్సిల్ కంటే సన్నటి గొట్టం, కొసన దీపం, చిన్న అద్దం. అది గదిలోకే వెళ్లిపోతుంది. కొస వాలుగా కోసిన గొట్టాలు కూడా ఉంటాయి, అవి తిప్పితే మూలలూ కనబడతాయి. ఆ పరికరం కోసం సార్ ఏళ్ల తరబడి యాజమాన్యం వెంటపడ్డాడు. చివరికి ఒప్పుకున్నప్పుడు, అది నేర్చుకోవడానికి చెన్నైకి ఆయన వెళ్లలేదు, నన్ను పంపించాడు. "నాకు ఇంగెన్నాళ్లుంది సర్వీసు? నువ్వు నేర్చుకొచ్చి నాకు నేర్పు" అన్నాడు. పరాచికాలు ఆడుతున్నాడనుకున్నాను.

పరికరం వచ్చినరోజు మా హెడ్ నర్సు మెహరున్నీసా సిస్టర్ పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చి పెట్టింది. థియేటర్లోకి ఏ కొత్త మిషన్ వచ్చినా టెంకాయ కొట్టించే బాధ్యత ఆమెదే. కొట్టించకపోతే మిషన్ మొరాయిస్తుందని ఆమె గట్టి నమ్మకం, దాన్ని మార్చడం ఎవరి తరమూ కాలేదు. సార్ టెంకాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "కొట్టొద్దు మెహరమ్మా, ఈరోజు లోపలికి పోయి చూద్దాము" అన్నాడు. పీచు తీసి, మెత్తటి కన్నును మాత్రం డ్రిల్లుతో తొలిచి, గొట్టం లోపలికి దించమని నాకు ఇచ్చాడు. టీవీ తెర మీద తెల్లటి కొబ్బరి, నీళ్లు, నీళ్లలో తేలే చిన్న చిన్న నలుసులు. ఊడ్చే లక్ష్మమ్మ దాకా అందరూ గుమిగూడి "వాయబ్బో" అన్నారు. తర్వాత సార్ పట్టుకున్నాడు. మైక్రోస్కోపు కింద ఆయన చెయ్యి వణకడం ఎవరూ చూడలేదు. ఈ గొట్టంతో మాత్రం బొమ్మ తలకిందులు చేశాడు, కొబ్బరిని గీకాడు, గొట్టాన్ని నీళ్లలో కాకుండా గాల్లో తిప్పుతూ నీళ్లేవి అని వెతికాడు. ఏమనాలో తెలియక నేను నసుగుతుంటే, "ఏంటికమ్మా నీళ్లు నములుతావు? నన్ను తిట్టు. నేను నిన్ను తక్కువ తిట్టినానా?" అన్నాడు.

అంతే, నాకు లైసెన్సు దొరికింది. "సార్, చెయ్యి కాదు, తెర చూడండి! సార్, ఊపిరి పీల్చండి, టెంకాయకు నొప్పి ఉండదు!" అని అరిచేదాన్ని. జిల్లా అంతా ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడుతుందో ఆ మనిషి నా ముందు బుద్ధిగా తల ఊపేవాడు. ఆ రోజుల్లో మా క్యాంటీన్లో ఏం అడిగినా టెంకాయ చట్నీయే వేశారు.

కానీ ఆ టెంకాయలతోనే ఆయన నాకు ఒక పాఠం చెప్పాడు. ఒకరోజు నేను లోపలంతా తిరిగి, ఎక్కడా గీత పడకుండా బయటికి వచ్చి, మెప్పు కోసం చూస్తున్నాను. సార్ ఆ టెంకాయను పగలగొట్టి నా ముందు పెట్టాడు. కన్ను దగ్గర, లోపలి అంచున, గొట్టం నడుము రాసుకుని లోతుగా గీరుకుపోయింది. గొట్టం తన కొస ముందున్నదే చూస్తుంది. వెనక దాని ఒళ్లు ఏం చేస్తోందో తెరమీద రాదు. "ఇది నీకు టీవీలో అగుపడిందా?" అని అడిగాడు. లేదన్నాను. "మనకు అగుపడందీ మనం చేసిందే తల్లీ" అన్నాడు. ఆ కొబ్బరి ముక్క ఒకటి నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

ఈరమ్మ మా దగ్గరికి వచ్చింది ఆ తర్వాతే. కోసిగి వైపు పల్లె. వానలు మొహం చాటేస్తే ఊరు ఊరంతా లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతలకు పోతుంది. ఈరమ్మ, వాళ్ల అత్త హనుమవ్వ కూడా అలాగే పోయేవాళ్లు. మొగుడు బెంగుళూరులో ఇళ్ల కట్టడం పనిలో ఉండేవాడు. కోతలో ఈరమ్మది మంచి చెయ్యి అని పేరు. అలాంటిది ఆ ఏడు ఆమె నడిచిన సాలులో ఎర్రటి పండుకాయలు చెట్టుకే మిగిలిపోవడం మొదలైంది. మేస్త్రీ తిట్టాడు. తోటివాళ్లు బద్ధకం అన్నారు. అత్త కూడా మొదట అదే అనుకుంది. తర్వాత గట్టు కనబడక పడింది, పక్కనుంచి వచ్చిన సైకిలు తగిలింది. ఎవరో కళ్లద్దాలు ఇప్పించారు. పెట్టుకున్నా లాభం లేకపోయింది.

సార్ జేబులోంచి మిరపకాయ తీయగానే ఈరమ్మ ముఖం చిన్నబోయింది. "ఇది ముందరుంటే అగుపడతాది సా. రోంత పక్కకు పోతే పోతాది" అంది పరీక్ష మొదలుపెట్టకముందే. నిజంగానే మిరపకాయ ఆమె ముక్కు ముందుకు వచ్చాకే "ఇప్పుడు" అంది. తల ఫొటోలో గడ్డ రాచఉసిరికాయంత ఉంది. ఆలస్యమైతే ముందు చూపు కూడా పోతుంది, పూర్తిగా. సార్ ఆ మాట దాచకుండా చెప్పాడు. ఆమె ఏడవలేదు. "కండ్లు పోతే నేను కోతకు పోలేను సా. మా యత్త ముసిల్దైపోయింది, ఎవురు ఎవుర్ని చూస్తారు? నాకు కండ్లు నిలబెట్టు సా" అంది. హనుమవ్వ అడిగింది మాత్రం ఒక్కటే: "తల కోస్తారా సారూ?" "కోయమవ్వా. ఒక్క వెంట్రుక కూడా తీయము" అన్నాడు సార్. ఆమె దండం పెట్టింది. ఇంకో పేషెంటు పిలిస్తే మేము లేచి వెళ్లిపోయాం.

ఆపరేషన్ రోజు సార్ నన్ను ఎప్పుడూ తాను నిలబడే చోట నిలబెట్టాడు. "నేను దీపం పట్టుకుంటా, నువ్వు పని చెయ్యి" అన్నాడు. పెద్దసార్ అసిస్టెంటుగా నిలబడి గొట్టం పట్టుకోవడం అంటే మా దగ్గర మాటలు కాదు. ఆవిరి పట్టకుండా అద్దాన్ని ముంచడానికి మెహరున్నీసా సిస్టర్ స్టీలు గిన్నెలో గోరువెచ్చటి సెలైన్ పెట్టుకుని కూర్చుంది. సార్ గొట్టాన్ని ముంచి, తుడిచి, నా చేతికి దారి చూపిస్తూ లోపలికి తీసుకెళ్లాడు. గంటల తరబడి ఆ చెయ్యి కదల్లేదు. టెంకాయలు ఊరికే పోలేదన్నమాట. గడ్డ మెత్తగా ఉంది, కొద్దికొద్దిగా వచ్చింది. తెరమీద అంతా శుభ్రంగా కనబడ్డాక నేను, "అయిపోయింది సార్" అన్నాను. "మూల చూసినావా?" అన్నాడు.

వాలు గొట్టం తీసుకుని పైకి తిప్పాడు. బొమ్మ పక్కకు ఒరిగింది. ఎడమ పైమూలలో, కంటి నరం కిందుగా, బూడిదరంగు ముద్ద ఒకటి నక్కి కూర్చుని ఉంది. అది వదిలేసి ఉంటే ఈరమ్మకు చూపు రాదు. వచ్చినా నిలవదు. మెల్లగా పీల్చి తీశాను. నరం వదులై తన చోటికి దిగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం, సార్ తప్ప. ఆయన తెరవైపే చూస్తూ, "ఇన్నేండ్లు ఈ మూల చూడకుండానే అయిపోయిందని మూసేస్తా వచ్చినా గదమ్మా" అన్నాడు. మత్తు డాక్టరుగారు ఊరుకోలేక, "అప్పుడు ఈ పరికరం లేదు కద సార్" అన్నారు. "పరికరం ల్యాకపోయినా మూల ఉన్నింది గదప్పా" అన్నాడు సార్. మాస్కు పైన ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఆయన్ను అలా చూడడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున రౌండ్సుకు సార్ పెళ్లికొడుకులా వచ్చాడు. ఈరమ్మ మంచం దగ్గర నిలబడి జేబులోంచి మిరపకాయ తీశాడు. చెవి పక్కనుంచి ఇంకా సగం దూరం కూడా రాలేదు. "ఎర్రగుండాది సా!" అని అరిచింది ఈరమ్మ. రెండో పక్క పెట్టాడు. "ఈ దిక్కు కూడా ఉండాది సా, ఈ దిక్కు కూడా!" నవ్వుతూ ఏడుపు అందుకుంది. "ఏడవొద్దు తల్లీ, ముక్కు చీదాల్సొస్తాది" అన్నాడు సార్. ముక్కు లోపల మేము వేసిన అతుకు గట్టిపడేదాకా తుమ్మకూడదు, చీదకూడదు, ముక్కకూడదు. ఈ సంగతి ఈరమ్మకు ముందే చెప్పి ఉన్నాం. సార్ ఆ మిరపకాయను ఆమె చేతిలో పెట్టి, "నీ కాయ నీకే" అన్నాడు. మెహరున్నీసా సిస్టర్ కళ్లు పెద్దవి చేసి, "యా అల్లా, ముక్కు ఆపరేషన్ మనిషికి మిరపకాయనా సార్?" అంది. "తినదులే మెహరమ్మా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

తినలేదు. కాల్చారు.

ఆ సాయంత్రం వార్డంతా ఈరమ్మ మంచం చుట్టూ చేరింది. తలకు కట్టు లేదు, కుట్టు లేదు, కళ్లు వచ్చాయట అని వింతగా చెప్పుకున్నారు. ఇన్ని కళ్లు పడ్డాక హనుమవ్వ ఊరుకుంటుందా? కొంగున ఉన్న ఉప్పు, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన మిరపకాయలు, వాటితో పాటు సార్ ఇచ్చిన కాయ కూడా పిడికిట్లో పట్టుకుని కోడలికి దిష్టి తీసింది. గేటు బయట ఇస్త్రీ బండివాడి దగ్గర పెంకులో నిప్పులు తెచ్చి, వార్డు కిటికీ కింద వరండాలో అన్నీ అందులో పోసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. ఘాటు కిటికీలోంచి నేరుగా లోపలికి వచ్చింది. ఈరమ్మ ముక్కు పట్టుకుంది, దుప్పటి కప్పుకుంది, ఎంత ఆపాలో అంతా ఆపింది. తుమ్ము ఆగలేదు.

మర్నాడు ఆమె ముందుకు వంగితే ముక్కులోంచి తేటగా నీళ్లు కారాయి. అది జలుబు నీరు కాదని చూడగానే తెలిసింది. మెదడు చుట్టూ ఉండే నీరు అది. అతుకు జరిగిపోయింది. ఆ దారిన సూక్ష్మక్రిములు లోపలికి పోతే, వచ్చిన చూపు సంగతి తర్వాత, మనిషే దక్కదు. ఏం జరిగిందో ఆయా చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలోకి వెళ్లి హనుమవ్వ మీద విరుచుకుపడ్డాను. "నీకు బుద్ధుందా అవ్వా? కోడల్ని చేజేతులా చంపుకుంటావా?" ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "సారిచ్చిన కాయనే గదమ్మా, మంచిదని... తలకు కట్టే ల్యాదు. ఆపరేషన్ చేసినారో ల్యాదో నాకేం తెలుసు? దిష్టి తగిలే కండ్లు పోయినాయనుకుంటి. దిష్టి తీస్తే నిలబడతాయనుకుంటి" అంది.

"బద్వేలూ" అని వెనకనుంచి సార్ పిలిచాడు. "నువ్వు పోయి థియేటర్ సిద్ధం చేయించు." ఆయన కోప్పడతాడని, అవ్వకు నాలుగు వాయిస్తాడని ఎదురుచూశాను. ఆయన వరండా నేలమీద కూర్చున్నాడు. ఆమెనూ కూర్చోమన్నాడు. నేను నాలుగడుగులు వేసి తలుపు దగ్గర ఆగిపోయాను.

"మీ ఊర్లో బోర్లో కెమెరా దించడం చూసినావా అవ్వా?" అని అడిగాడు.

"చూసినా. మా రెడ్డోళ్ల బోరు ఎండిపోతే దించినారు. టీవీలో రాయి, సందులో ఊట, అంతా అగుపడ్య."

"మా చేన్లోనూ దించినాము. ఇదీ అదే." సార్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఈరమ్మ ఆపరేషన్ వీడియో తెరిచాడు. "ఇదో, ఇది మీ కోడలి ముక్కు. ఈడనుంచి పోయినాము. ఇది గడ్డ. ఈ తెల్లగుండేది కంటి నరం. మెదడు చుట్టూరా నీళ్లుంటాయి. ఆ నీళ్లు రాకుండా ఈడ కట్ట వేసినాము. కొత్త కట్ట గదా, తుమ్మితే తెగుతాది."

హనుమవ్వ తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. వేలుతో నరాన్ని తాకబోయి వెనక్కు తీసుకుంది. "ముందే జెప్పింటే నేనేంటికి కాలుస్తా సారూ?" అంది. "అదే గదవ్వా. ల్యాదు, చెప్పల్యా. నీకు కోత ఉండదని చెప్పి లేచిపోతిమి. పైగా కాయ కూడా నేనే ఇస్తి. తప్పు నాది" అన్నాడు సార్. ఓబులరెడ్డి సార్ నోట ఆ మాట! టెంకాయ లోపలి గీత నా కళ్లముందు కనబడింది. అక్కడ ఇంక నిలబడలేక థియేటర్ వైపు పరుగెత్తాను.

ఆ మధ్యాహ్నమే మళ్లీ లోపలికి వెళ్లాం. గొట్టం సార్ చేతిలో, పని నా చేతిలో. తిన్నని గొట్టానికి ఏమీ దొరకలేదు. వాలు గొట్టం తిప్పితే అతుకు అంచు పక్కన, మూలలో, ఊట ఊరుతున్నట్టు ఒక చుక్క పుట్టి జారింది. మళ్లీ ఇంకొకటి. "అదో" అన్నాడు సార్ చిన్నగా. పొట్టలోంచి కాస్త కొవ్వు తీసి అక్కడ అద్ది, పైన పొర కప్పి, జిగురు వేశాం. చుక్క ఆగింది. "ఇంగోసారి" అన్నాడు. ఆగే ఉంది. "ఇంగోసారి" అన్నాడు. ఆయన చాలనేదాకా చూశాను, విసుగు రాలేదు.

ఆ తర్వాత ఆ వార్డుకు హనుమవ్వే కాపలా. ఆమె ఉన్నన్నాళ్లు వరండాలో ఊదొత్తి వెలగలేదు. పొట్లంలో మిరపకాయ బజ్జీలు తెచ్చిన వాళ్లను గేటు దాకా తరిమింది. పక్క మంచం తాత నశ్యం డబ్బీ తీస్తే లాక్కుని కొంగులో కట్టుకుంది. "లోపల కట్ట కొత్తదప్పా, నీకేం తెలుసు?" అని అందరికీ పాఠం చెప్పేది. నీళ్లు మళ్లీ రాలేదు. ఈరమ్మకు చూపు నిలబడింది. వెళ్లేరోజు సార్ కాళ్లకు దండం పెట్టబోతే, "వంగొద్దు తల్లీ, వంగొద్దు!" అని ఆయన రెండడుగులు వెనక్కు దూకాడు. మెహరున్నీసా సిస్టర్ ఈ ముచ్చట కనబడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వింది.

సార్ మారింది అప్పటినుంచే. ఆపరేషన్‌కు ముందు ఇంటివాళ్లను, ముఖ్యంగా ఇంట్లో పెద్ద ఆడమనిషిని, తెరముందు కూర్చోబెట్టి దారి చూపించకుండా కత్తి పట్టనిచ్చేవాడు కాదు. మాకు టైము వృథా అనిపించేది. ఆయన వినలేదు. మైక్రోస్కోపు కాలం నాటి పాత పేషెంట్లకు తనే ఫోన్లు చేసి, "ఒకసారి వచ్చి పోండప్పా, మూల చూడాల" అని పిలిచేవాడు. వచ్చినవాళ్లలో కొందరికి నిజంగానే మిగిలిన ముక్క దొరికింది. ప్రతిసారీ ఆయన ఆ మనిషికి తలవంచి తప్పు చెప్పుకున్నాడు, ప్రతిసారీ గొట్టం తనే పట్టుకున్నాడు. రిటైరయ్యాక ఊరికి వెళ్లిపోయి కందులు వేసుకున్నాడు. నేను కడపకు వచ్చేశాను. కష్టమైన కేసు అయితే ఫోన్ చేసేదాన్ని. ఏం చెప్పినా విని, చివర "మూల చూసినావా?" అని పెట్టేసేవాడు.

పోయిన ఎండాకాలం సార్ నిద్రలోనే పోయాడు. పల్లెకు వెళ్లాను. ఊళ్లోవాళ్లు, పేషెంట్లు, మెహరున్నీసా సిస్టర్, అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. రాయిలా నిలబడి, దండం పెట్టి, బస్సెక్కి వచ్చేశాను. తర్వాత నెలలు గడిచినా రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

పోయిన వారం క్లినిక్కుకు ఈరమ్మ వచ్చింది. ఒళ్లు చేసింది, జుట్టు అక్కడక్కడా నెరిసింది. భుజాన గుడ్డసంచి. ఏటా కోతలు కాగానే సార్‌కు గుప్పెడు మిరపకాయలు తెచ్చిచ్చేదట, నాకు తెలియనే తెలియదు. "పెద్దసారు యాడ మేడమ్? కర్నూలుకు పోతే ల్యాడన్న్యారు. నీ కాడికి పొమ్మన్న్యారు" అంది. చెప్పాను. ఆమె సంచి పట్టుకుని అలాగే నేలమీద కూలబడింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, సంచిలోంచి పిడికెడు కాయలు తీసింది. "అన్నీ పక్క కొమ్మలవే మేడమ్. సారుకు పక్క కొమ్మలవే ఏరి తెస్తాంటి" అంది. ఉన్నట్టుండి లేచి, ఆ పిడికిలి నా తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. బయట పేషెంట్లు చూస్తున్నారు. ఒకప్పుడు దిష్టి తీసినందుకు వాళ్ల అత్తను తిట్టిపోసినదాన్ని, కుర్చీలో కదలకుండా కూర్చుని తీయించుకున్నాను. అయ్యాక ఆమె నా ముఖంలోకి చూసి, "కాల్చనులే మేడమ్, భయపడొద్దు" అంది. అందులోంచి ఒక కాయ తీసి నా కోటు జేబులో వేసింది.

అప్పుడు వచ్చింది ఏడుపు. చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. ఈరమ్మ నా వీపు నిమురుతూ, "ఏడవొద్దు తల్లీ, ముక్కు చీదాల్సొస్తాది" అంది.

ఇంతకీ ఈరోజు కేసు నాది కాదు, నా జూనియర్ అమ్మాయిది. ఆమె తీసే మొదటి గడ్డ. విరిగిన మిరపకాయ ముక్కల్ని కోటు జేబులోనే వదిలి, చేతులు మామూలు కంటే ఎక్కువసేపు కడుక్కుని, లోపలికి వెళ్లాను. బయట కూర్చున్న పేషెంటు అత్తగారికి పొద్దున్నే తెరముందు దారంతా చూపించాను. గోరువెచ్చటి గిన్నెలో గొట్టం ముంచి, తుడిచి, నేను పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల గడ్డను కొద్దికొద్దిగా తీసింది. మధ్యాహ్నానికి తెరమీద అంతా శుభ్రంగా కనబడింది. "అయిపోయింది మేడమ్" అంది, మెప్పు కోసం నావైపు చూస్తూ.

"మూల చూసినావా తల్లీ?" అన్నాను.